హార్మోనియము వెలి

మన నూజెండ్ల ప్రాంతపు భజనలలోను, పద్యనాటకములలోను మ్రోగు హార్మోనియము పరదేశమునుండి వచ్చినది. 1829 ప్రాంతమున ఇంగ్లండులో వీట్‌స్టన్ కన్సర్టినాను కల్పించెను. 1840లో పారిసున డెబేను హార్మోనియమునకు పేటెంటు పొందెను. రెండింటను తిత్తిగాలి తగిలి లోహపు నాలుకలు పలుకును. మెట్టునుండి మెట్టునకు స్వరము జారదు గనుక గమకము పలుకదని విద్వాంసులు నిందించిరి. 1940లో రేడియోవారు దానిని వెలివేసి, 1971లో కొంత సడలించిరి. పల్లెలు మాత్రము విడువలేదు.

నేనును ఒకప్పుడు పరిహసించినవాడనే. ఉద్యోగవిరమణానంతరము నేర్వబూనగా, ముందుగా బయటపడినది నా గొంతు తప్పిన శ్రుతియే! గమకము కంఠము పని. శ్రుతి నిలుపుట పెట్టె పని. పెద్దలారా, నేర్చుటకు వయస్సు అడ్డుకాదు; సిగ్గే అడ్డు.