గోలు మీద ఆడిట్ అభ్యంతరం



ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి ఇమ్మని మన కార్యదర్శిగారు కోరినప్పుడు, పే రివిజన్ కమిషన్ల చరిత్రో, కరువు భత్యం పుట్టుపూర్వోత్తరాలో రాసిస్తానని ఆయన అనుకొని ఉంటారు. అవి నాకన్నా బాగా తెలిసినవారు మన సంఘంలో డజను మంది ఉన్నారు. నేను రాయబోయేది ఫుట్‌బాల్ గురించి. మైదానంలో రిఫరీ ఇచ్చిన తీర్పును టీవీ తెర మీద చూసి సరిదిద్దే పద్ధతి గురించి, దాని మీద ఆట చూసే జనం పడుతున్న తగాదా గురించి. ఈ పద్ధతిని వీడియో అసిస్టెంట్ రిఫరీ అంటారు. పొడి అక్షరాల్లో వి.ఏ.ఆర్. పెన్షనర్లకు దీనితో ఏమి పని అని పేజీ తిప్పబోయే మిత్రులు ఒక్క నిమిషం ఆగవలసిందిగా ప్రార్థన. ఒకసారి ఇచ్చిన ఉత్తర్వును తిరగదోడవచ్చునా, తోడితే ఎంతవరకు తోడవచ్చునన్నది మనం ముప్పై ఏళ్లు ఫైళ్లలో నలిగిన ప్రశ్నే గదా!

హైదరాబాదు పాతవారికి ఫుట్‌బాల్ కొత్త కాదు. మన సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం గారే 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టును నాలుగో స్థానానికి తెచ్చారు, 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం ఇప్పించారు. మా నాన్నగారు నన్ను సైకిలు మీద ఫతే మైదానానికి తీసుకుపోయేవారు. ఇప్పుడు దాన్ని లాల్‌బహదూర్ స్టేడియం అంటున్నాము. అప్పట్లో రిఫరీ ఈల వేశాడంటే అంతే. తిట్టేవాళ్లు కడుపారా తిట్టేవారు, ఆ తరువాత ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ ఇంకాసేపు తిట్టి ఇళ్లకు పోయేవారు.

ఆ తిట్లు ప్రపంచవ్యాప్తం కావడం 1966లో మొదలైందని నా అభిప్రాయం. ఆ ఏడు జూలై 30న లండన్ వెంబ్లీ మైదానంలో ప్రపంచ కప్పు ఫైనలు. ఇంగ్లండు, పశ్చిమ జర్మనీ చెరి రెండు గోల్స్‌తో సమానంగా నిలిచి అదనపు సమయం ఆడుతున్నాయి. జెఫ్ హర్స్ట్ కొట్టిన బంతి పై కడ్డీకి తగిలి నిట్టనిలువునా కిందపడి బయటికి వచ్చింది. గీత దాటిందా, లేదా? స్విట్జర్లాండు రిఫరీ డీన్‌స్ట్‌కు తెలియలేదు. లైన్స్‌మన్ దగ్గరికి నడిచి వెళ్లి అడిగాడు. ఆయన అజర్‌బైజాన్‌కు చెందిన తోఫిక్ బహ్రామోవ్. గోలే అన్నాడు. ఇంగ్లండు 4-2తో కప్పు గెలుచుకుంది. అది గోలు కాదని జర్మన్లు ఈనాటికీ అంటారు. అటువంటి అనుమానపు గోలుకు వాళ్ల భాషలో 'వెంబ్లీ గోలు' అనే పేరే స్థిరపడిపోయింది. బాకూ నగరంలో ఆ లైన్స్‌మన్ పేర ఏకంగా ఒక స్టేడియమే ఉంది.

1986 జూన్ 22 సంగతి చాలామందికి జ్ఞాపకమే ఉంటుంది. మెక్సికోలో అర్జెంటీనా-ఇంగ్లండు క్వార్టర్ ఫైనలు. మా వీధిలో టీవీ ఉన్న ఇంట్లో, అర్ధరాత్రి వేళ, పదిహేను మందిమి చాపల మీద కూర్చుని చూశాము. మారడోనా ఎగిరి చేత్తో బంతిని గోల్లోకి తోశాడు. ట్యునీషియా రిఫరీకి కనబడలేదు. గోలిచ్చాడు. టీవీవాళ్లు నెమ్మదిగా తిప్పి చూపించేసరికి మా చాప మీదివాళ్లకే తెలిసిపోయింది. తమాషా ఏమిటంటే, మైదానంలో ఉన్న వేలాదిమందికీ, తీర్పు చెప్పవలసిన ఒక్క మనిషికీ తెలియనిది హైదరాబాదులో చాప మీద కూర్చున్నవాడికి తెలిసింది. యంత్రం రావాలనే వాదానికి అసలు బలం ఇదే. లోకమంతా చూసిన తప్పును రిఫరీ ఒక్కడే చూడకుండా ఉండడం ఎంతకాలం సాగుతుంది?

చాలాకాలమే సాగింది. 2009 నవంబరు 18న పారిస్‌లో ఫ్రాన్సు ఆటగాడు థియరీ ఆన్రీ చేత్తో బంతిని ఆపి అందించగా గోలు పడి, ఐర్లండుకు ప్రపంచ కప్పు అవకాశం పోయింది. చెయ్యి తగిలిందని ఆన్రీయే ఒప్పుకున్నాడు. ఆట మళ్లీ ఆడించమని ఐర్లండు వేడుకున్నా, రిఫరీ తీర్పే అంతిమమని ఫీఫా కాదన్నది. మరుసటి ఏడు మార్చిలో, ఆట నిబంధనలు రాసే అంతర్జాతీయ బోర్డు యంత్రాలేవీ వద్దని తేల్చేసింది. మూడు నెలలు తిరిగేసరికి, జూన్ 27న దక్షిణాఫ్రికాలో, ఇంగ్లండు ఆటగాడు లాంపార్డ్ కొట్టిన బంతి గీతకు బాగా అవతల పడి తిరిగి వచ్చింది. ఈసారి గోలివ్వలేదు. ప్రత్యర్థి ఎవరనుకున్నారు? జర్మనీయే! 44 ఏళ్ల బాకీ తీరిందని జర్మన్ అభిమానులు చంకలు గుద్దుకున్నారు. అప్పటి ఫీఫా అధ్యక్షుడు బ్లాటర్ ఇంగ్లండుకు క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది.

తరువాతి మార్పులు త్వరత్వరగా వచ్చాయి. బంతి గీత దాటిందో లేదో చెప్పే యంత్రాన్ని 2012లో అనుమతించి 2014 బ్రెజిల్ ప్రపంచ కప్పులో పెట్టారు. దాని మీద అభిమానుల్లో పెద్దగా గొడవ లేదు. ఎందుకంటే అది ఒక్క సెకనులో రిఫరీ చేతి గడియారానికి కబురు పంపుతుంది. ఎవరూ ఆగనక్కరలేదు. ఈ ముక్క పాఠకులు గుర్తుంచుకోవాలి, ముందు ముందు పనికొస్తుంది.

అసలు వీడియో రిఫరీ 2018 మార్చిలో నిబంధనల్లోకి ఎక్కి, ఆ వేసవిలో రష్యా ప్రపంచ కప్పుతో లోకానికి పరిచయమైంది. పద్ధతి ఇది. మైదానానికి దూరంగా ఒక గదిలో మరికొందరు రిఫరీలు అన్ని కెమెరాల బొమ్మలూ చూస్తుంటారు. మొదట్లో నాలుగు సందర్భాల్లోనే కలుగజేసుకోవాలని నియమం పెట్టారు: గోలు, పెనాల్టీ, నేరుగా ఇచ్చే ఎర్ర కార్డు, ఒకరికి బదులు ఇంకొకరికి కార్డు ఇవ్వడం. అది కూడా తప్పు స్పష్టంగా ఉంటేనే. కాగితం మీద చూస్తే దీనికి ఎవరైనా సంతకం పెడతారు.

క్రికెట్‌లో ఇదెప్పుడో వచ్చింది కదా అనవచ్చు. నిజమే. 1992 నవంబరులో డర్బన్‌లో టీవీ అంపైరు చేతిలో మొట్టమొదట రనౌట్ అయినవాడు మన సచిన్ టెండూల్కరే. అయితే క్రికెట్ బంతి బంతికీ ఆగే ఆట. ఆ విరామంలో అంపైరు పెద్ద తెర వైపు చూస్తే జనం కూడా చూసి ఆనందిస్తారు. ఫుట్‌బాల్ ఆగని ఆట. తొంభై నిమిషాలకు పడేది ఒకటో రెండో గోల్స్. ఆ ఒక్క క్షణం కోసమే వానలో తడిసి కూర్చుంటారు.

మన సంఘ సభ్యులొకరు కూతురి దగ్గరికి ఇంగ్లండు వెళ్లి, అల్లుడితో కలిసి ఒక మ్యాచి చూసి వచ్చారు. ఆయన చెప్పిన మాట ఇది. "గోలు పడింది. పక్క సీట్లో నా వయసు తెల్లాయన, పేరూ ఊరూ తెలియనివాడు, నన్ను గట్టిగా కావలించుకున్నాడు. తరువాత పెద్ద తెర మీద పరిశీలన జరుగుతున్నదని వేశారు. కావలించుకున్నవాడు చేతులు తీయాలా వద్దా అన్నట్టు నిలబడిపోయాడు. రెండు నిమిషాలు. గోలు లేదన్నారు. ఎందుకు లేదో మాకెవరూ చెప్పలేదు. ఇంట్లో టీవీ చూస్తున్న మా అమ్మాయి ఫోను చేసి చెబితే తెలిసింది. తరువాతి గోలుకు ఆయన నన్ను ముట్టుకోలేదు."

అభిమానుల ఫిర్యాదంతా ఇందులోనే ఉంది. 2019 ఏప్రిల్ 17న మాంచెస్టర్ సిటీ అభిమానులకు ఇంతకన్నా పెద్ద దెబ్బ తగిలింది. టాటెన్‌హాంతో ఛాంపియన్స్ లీగు క్వార్టర్ ఫైనలు చివరి నిమిషాల్లో స్టెర్లింగ్ గోలు కొట్టాడు. సెమీఫైనల్ చేరినట్టేనని స్టేడియం ఊగిపోయింది. అంతలోనే ఆఫ్‌సైడ్ అని రద్దు. ఆ తీర్పు సరైనదే! అదే నన్ను ఆలోచింపజేసిన సంగతి. తప్పుడు తీర్పు మీద కోపం రావడం సహజం. సరైన తీర్పు మీద కోపం రావడానికి వేరే కారణం ఉండాలి.

ఆ కారణం నాకు నా సర్వీసులోనే తెలిసింది. 1980లలో నాకు ప్రమోషను వచ్చినప్పుడు జీతం స్థిరీకరించి, బకాయి చేతికిచ్చారు. మా ఆవిడకు కుట్టుమిషను కొన్నాము. నాలుగేళ్ల తరువాత ఆడిట్ అభ్యంతరం: ఒక ఇంక్రిమెంటు అదనంగా ఇచ్చారు, రికవరీ చేయవలసినది. రూలు పుస్తకం తీసి నేనే చూశాను. ఆడిట్ వారిదే రైటు. పద్దెనిమిది వాయిదాల్లో కట్టాను. డబ్బు పోయిందని కాదు, కుట్టుమిషను చప్పుడు విన్నప్పుడల్లా అది మాది కాదేమో అనిపించేది. అదే కార్యాలయంలో మరొక మిత్రునికి సర్వీసు రిజిస్టరులో చేరిన సంవత్సరం తప్పుగా పడి, ఎన్ని అర్జీలు పెట్టినా తిరిగి చూడడానికి ఎవరూ ఒప్పుకోక, ఒక ఏడాది సర్వీసు కోల్పోయి దిగిపోయాడు. ఆడిట్‌ను నేను శపిస్తుంటే ఆయన నవ్వేవాడు: "నీది తిరిగి చూశారు, అదృష్టవంతుడివి."

ఇక తిరిగి చూసేవాళ్లూ మనుషులే. 2018 ఏప్రిల్‌లో జర్మనీలోని మైన్జ్‌లో, విరామానికి ఈల వేశాక, ఆటగాళ్లు డ్రెస్సింగు రూముకు వెళ్లాక, పెనాల్టీ ఉందని వీడియో గదివారు కబురు చేస్తే, వాళ్లను వెనక్కి పిలిపించి కొట్టించారు. 2023 సెప్టెంబరు 30న లివర్‌పూల్ ఆటగాడు డియాజ్ వేసిన మంచి గోలును లైన్స్‌మన్ ఆఫ్‌సైడ్ అన్నాడు. గదిలోని అధికారి గోలిచ్చారనుకుని, పరిశీలన పూర్తయింది, సరే అన్నాడు. కింద నోటు చదవకుండా 'ఆమోదించడమైనది' అని సంతకం పెట్టిన గెజిటెడ్ అధికారులను మనమెంతమందిని చూడలేదు! తప్పు తెలిసేసరికి ఆట మళ్లీ మొదలైపోయింది, నిబంధన ప్రకారం వెనక్కి పోరాదు. లివర్‌పూల్ ఓడింది.

సంఘాల్లో పనిచేసిన మనవాళ్లకు నచ్చే భాగం స్వీడన్‌లో ఉంది. అక్కడ క్లబ్బుల్లో అధిక వాటా సభ్యులదే కావాలని నియమం. అంటే టిక్కెట్టు కొనే అభిమానే సభ్యుడు, ఓటరు. వాళ్లు వీధుల్లో అరిచి ఊరుకోలేదు. క్లబ్బుల సర్వసభ్య సమావేశాలకు హాజరై, వి.ఏ.ఆర్. వద్దని తీర్మానాలు చేయించారు. ఎక్కువ క్లబ్బులు వద్దన్నాక, 2024లో స్వీడన్ ఫుట్‌బాల్ సంఘం దాన్ని ప్రవేశపెట్టడం లేదని ప్రకటించింది. పక్క దేశం నార్వేలో అప్పటికే పెట్టేశారు. 2024 జూలైలో ట్రాన్‌హైమ్ నగరంలో అభిమానులు మైదానంలోకి టెన్నిస్ బంతులూ, చేప వడలూ విసిరి ఆటే ఆపించారు. తినే పదార్థం విసరడం నాకు నచ్చలేదు, ఆ మాట చెప్పి తీరాలి. 2025 జనవరిలో క్లబ్బులు 19-13 ఓట్లతో తీసెయ్యాలన్నాయి. మార్చిలో జాతీయ సంఘం మహాసభ మాత్రం ఉంచాలనే ఓటు వేసింది. ఇంగ్లండులో 2024 జూన్‌లో వుల్వ్స్ అనే క్లబ్బు రద్దు తీర్మానం పెడితే ఇరవై క్లబ్బుల్లో దానిది ఒక్కటే ఓటు. అక్కడ ఓటు యజమానులది. అభిమానులను అడిగిన 2023 నాటి సర్వేలో మాత్రం పదిమందిలో ఆరుగురికి పైగా వద్దన్నారు.

నా మట్టుకు నేను ఎటు ఓటు వేస్తానంటే, గీత దాటిన బంతికి యంత్రం ఉండాలి, చేత్తో కొట్టిన మారడోనాను పట్టుకోవాలి. బొటనవేలి ఆఫ్‌సైడ్ కోసం రెండు నిమిషాలు గీతలు గీసి చూడవలసి వస్తే, అది స్పష్టమైన తప్పు కానట్టే, వదిలెయ్యాలి. 2023 నుంచి కొన్ని పోటీల్లో రిఫరీయే మైకులో కారణం చెబుతున్నారు. అది మంచి పని. కారణం రాయకుండా ఉత్తర్వు ఇవ్వరాదని మనకు మొదటి ఏడే నేర్పేవారు.

ఈ మాటలు మా మనవడితో అంటే వాడు ఒప్పుకోడు. వాడి లెక్క 2024 జూన్ 11 నుంచి మొదలవుతుంది. రహీం గారు కన్నుమూసిన తేదీ కూడా 1963లో అదే కావడం కాకతాళీయం. ఆ రాత్రి దోహాలో ఖతార్‌తో మనవాళ్ల ప్రపంచ కప్పు అర్హత మ్యాచి. గెలిస్తే తరువాతి రౌండు. 37వ నిమిషంలో ఛాంగ్తే గోలు వేశాడు. 73వ నిమిషంలో ఖతార్ కొట్టిన బంతిని మన గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ ఆపాడు, అది దొర్లి గోలు పక్కన గీత దాటి బయటికి పోయింది. ఒక ఖతార్ ఆటగాడు దాన్ని కాలితో వెనక్కి లాగాడు, ఇంకొకడు గోల్లోకి తోశాడు. మనవాళ్లు చేతులెత్తి నిలబడ్డారు. రిఫరీ గోలిచ్చాడు. ఆ రౌండు పోటీలకు వి.ఏ.ఆర్. పెట్టలేదు. మనం 2-1తో ఓడి బయటికి వచ్చాము. మన సమాఖ్య ఫిర్యాదు చేసింది. ఫలితం మారలేదు.

"అక్కడివాళ్లకు రెండు నిమిషాలు ఆగడం కష్టమట తాతయ్యా" అన్నాడు వాడు. "మేం తెల్లారేదాకా ఆగేవాళ్లం." బంతి గీత అవతల ఉన్న ఆ ఫోటో వాడి ఫోనులో ఇంకా ఉంది. ఇంటికి ఎవరొచ్చినా తీసి చూపిస్తాడు, కేబుల్ బిల్లుకు వచ్చిన కుర్రాడితో సహా.