మశూచి నిర్మూలన ప్రణాళిక

మశూచి (స్ఫోటకం, పెద్దమ్మవారు) నిర్మూలన ప్రణాళిక ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో నడిచిన అంతర్జాతీయ టీకా కార్యక్రమం. మనుషులకు సోకే అంటువ్యాధుల్లో పూర్తిగా నిర్మూలన అయింది ఇప్పటికి మశూచి ఒక్కటే.

ఆరంభం

1958లో మినియాపొలిస్‌లో జరిగిన ప్రపంచ ఆరోగ్య మహాసభలో సోవియట్ ఉప ఆరోగ్యమంత్రి విక్తర్ ఝ్దానోవ్ ఈ ప్రతిపాదన తెచ్చారు. 1959లో తీర్మానం ఆమోదం పొందడంతో కొందరు ఆ ఏడాదినే ఆరంభంగా లెక్కిస్తారు. అప్పట్లో నిధులు, సిబ్బంది నామమాత్రం కాబట్టి 1967ను తీసుకోవడమే సబబు. 1966 సభ మరుసటి ఏడాది నుంచి ఏటా సుమారు 24 లక్షల డాలర్లు కేటాయించి పదేళ్ల గడువు పెట్టింది. అది రెండు ఓట్ల తేడాతో గట్టెక్కిందని కార్యక్రమ సారథి డి.ఎ. హెండర్సన్ చెప్పేవారు. 1967లో నమోదైన కేసులు సుమారు 1,30,000. అసలు సంఖ్య కోటికి పైనే ఉండవచ్చని తర్వాతి అంచనా.

సాధనాలు

మశూచి వైరస్‌కు మనిషి తప్ప వేరే ఆశ్రయం లేదు. పొక్కులు ముఖం మీద కూడా కనిపిస్తాయి కనుక రోగిని గుర్తించడం తేలిక. వ్యాధి సోకాక మూడు నాలుగు రోజుల్లోపు టీకా వేసినా చాలావరకు కాపాడుతుంది. పొడి టీకా 37 డిగ్రీల వేడిలోనూ నెల రోజులు నిలిచేది. మన దేశంలో దీన్ని తయారుచేసిన కేంద్రాల్లో గిండీ, హైదరాబాద్ కూడా ఉన్నాయి. బెంజమిన్ రూబిన్ రూపొందించిన రెండు మొనల సూదిని మందులో ముంచితే చీలిక మధ్య చిన్న చుక్క నిలుస్తుంది. భుజం మీద చకచకా 15 పోట్లు పొడిస్తే టీకా పూర్తి. పాత పద్ధతికి పట్టే మందులో నాలుగో వంతు సరిపోయేది.

వ్యూహం

1962లో మొదలైన భారత జాతీయ కార్యక్రమం మూడేళ్లలో 80 శాతం జనాభాకు టీకాలు వేయాలనుకుంది. టీకాల లెక్క పెరిగింది గానీ వ్యాధి ఆగలేదు. సులువుగా దొరికే బడిపిల్లలకే మళ్లీ మళ్లీ వేయగా, పసిపిల్లలు, వలసకూలీలు మిగిలిపోయారు. కేసులను వెతికి పట్టి, వారి చుట్టూ ఉన్నవారికి టీకాలు వేసే పద్ధతిని 1966 చివర తూర్పు నైజీరియాలో విలియం ఫేగీ మొదలుపెట్టారన్నది ప్రచారంలో ఉన్న కథనం. అయితే ఇంగ్లండులోని లెస్టర్ పట్టణం 19వ శతాబ్దంలోనే రోగులను వేరుచేసే విధానం పాటించింది. వ్యాధి ఎక్కువగా ఇంట్లోవారికే అంటుతుందని మద్రాసులో ఎ. రామచంద్రరావు అధ్యయనాలూ చూపాయి. ఈ పద్ధతిని ఒక్కరి ఆవిష్కరణ అనడం కన్నా పలుచోట్ల పండిన అనుభవం అనడం న్యాయం.

1973 శరత్కాలంలో ఉత్తరాది రాష్ట్రాల్లో ఇంటింటి గాలింపు మొదలైంది. కార్యకర్తలు మశూచి సోకిన పిల్లవాడి బొమ్మకార్డు చూపించి బడుల్లో, సంతల్లో వాకబు చేసేవారు. లెక్కకెక్కని వేలాది కేసులు బయటపడ్డాయి. రోగి ఇంటి గుమ్మం దగ్గర రాత్రింబవళ్లు కాపలా పెట్టి, వచ్చినవారికల్లా టీకా వేశారు. కేసులు ఎక్కువ బయటపడటం వైఫల్యం కాదని అధికారులకు నచ్చజెప్పడమే ఈ ప్రణాళికలో అతి కష్టమైన పని, అతి విలువైన పని కూడా.

ముగింపు తేదీలు

భారత్‌లో చివరి కేసుకు రెండు తేదీలు కనిపిస్తాయి. 1975 మే 17 బీహార్‌లో స్థానికంగా సోకిన కేసుది. మే 24 బంగ్లాదేశ్ నుంచి అస్సాంకు వచ్చిన కేసుది. సహజంగా సోకిన చివరి కేసు 1977 అక్టోబరులో సోమాలియాలోని మెర్కాలో నమోదైంది. 1978లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో బయటపడిన కేసులకు ప్రయోగశాలతో సంబంధం ఉండటంతో వాటిని విడిగా చెబుతారు. 1980 మే 8న మహాసభ నిర్మూలనను ప్రకటించింది.

మశూచి తర్వాత ఇదే లక్ష్యంతో 1988లో మొదలైన పోలియో నిర్మూలన కార్యక్రమం 2000 నాటి గడువు దాటిపోయింది. మశూచిలా కాకుండా, పోలియో సోకినవారిలో అత్యధికులకు లక్షణాలే కనిపించవు. అందుకే ఆ కార్యక్రమంలో రోగులతోపాటు మురుగునీటినీ పరీక్షించాల్సి వస్తోంది.