బిడ్డకు వెల కట్టవచ్చునా?



పెండ్లిండ్ల కాలం వచ్చిందంటే బోనకల్ చుట్టుపక్కల పల్లెల్లో మాటలన్నీ కట్నం దగ్గరికే చేరతాయి. ఎంత పెడతారు, పొలం రాస్తారా, బంగారం ఎన్ని తులాలు అని అడుగుతారు. "అనాదిగా వస్తున్న ఆచారం, మనమేం చేస్తాం?" అని పెద్దలు అంటారు. ఈ మాటలో నిజమెంతో ఒకసారి చూద్దాం.

నూట ముప్పై ఏళ్ల క్రితం తెలుగునాట కొన్ని ఇళ్లలో వ్యవహారం తలక్రిందులుగా ఉండేది. డబ్బు పుచ్చుకొన్నది ఆడపిల్ల తండ్రి. గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కం’ నాటకం 1892లో మొదట ఆడారు, 1897లో అచ్చయింది. విజయనగరం మహారాజావారు విశాఖపట్టణం జిల్లాలోని బ్రాహ్మణ కుటుంబాలలో మూడేళ్లలో జరిగిన ఇటువంటి పెండ్లిండ్ల లెక్క తీయిస్తే 1,034 తేలాయని గురజాడవారు ముందుమాటలో వ్రాశారు. ఆ పెండ్లికూతుళ్లలో ముగ్గురు ఏడాది వయసు పసికూనలు. వారి వెల 350 నుండి 400 రూపాయలు!

అప్పుడు పిల్లకు వెల కట్టారు, ఇప్పుడు పిల్లవానికి కడుతున్నారు. మారింది పుచ్చుకొనే చేయి మాత్రమే. అటు నుండి ఇటు తిరిగిన ఆచారాన్ని దేవుడు పెట్టిన కట్టడ అని ఎలా అనగలం? ఆదికాండములో లేయా, రాహేలు తమ తండ్రి లాబాను తమను అమ్ముకొన్నాడని బాధపడ్డారు. ఆడబిడ్డల ఆ మొర వేదగ్రంథంలో ఊరకే చేరలేదు.

కట్నం ఇచ్చినా, పుచ్చుకొన్నా నేరమని 1961లోనే చట్టం వచ్చింది. అయినా కట్నం పోలేదు. క్రైస్తవ ఇళ్లలోనూ పోలేదు. పైగా ఆ భయం తల్లి గర్భందాకా ప్రాకింది. 1971 చట్టం కొన్ని పరిస్థితులలో గర్భస్రావానికి అనుమతి ఇచ్చింది. 2021 సవరణ కొందరు స్త్రీల విషయంలో ఆ గడువును 24 వారాలకు పెంచింది. మధ్యలో స్కానింగు యంత్రం వచ్చింది. ఆడపిల్ల అని తెలిస్తే తీసివేయించుకోవడం మొదలైంది. దీనిని ఆపడానికి 1994లో లింగనిర్ధారణ నిషేధ చట్టం చేయవలసి వచ్చింది. అయినా దేశంలో ఆరేళ్లలోపు పిల్లల్లో వెయ్యిమంది మగపిల్లలకు 1991లో 945 మంది ఉన్న ఆడపిల్లలు 2001 నాటికి 927 మందికి తగ్గారు.

ఆడపిల్ల అని చంపడం తప్పని చట్టం చెబుతోంది. తిరుసభ ఇంకా ముందుకు వెళ్లి, ఏ బిడ్డనైనా గర్భంలో చంపడం తప్పే అంటుంది. ఇది నిన్న మొన్న పుట్టిన బోధ కాదు. క్రీస్తు పుట్టిన కాలానికి దగ్గరలో, అలెగ్జాండ్రియా నగరంలో పనిచేస్తున్న ఒకడు గర్భవతి అయిన తన భార్యకు వ్రాసిన ఉత్తరం నేటికీ ఉంది. మగబిడ్డ అయితే ఉంచు, ఆడబిడ్డ అయితే పారవేయి అని అందులో ఉంది. ఆ లోకంలోనే తొలి క్రైస్తవులు నిలబడి, కడుపులోని బిడ్డను గాని, పుట్టిన బిడ్డను గాని చంపకూడదని బోధించారు. 1965లో రెండవ వాటికన్ మహాసభ, 1995లో రెండవ జాన్ పౌలు పాపుగారు చెప్పింది ఆ పాత బోధనే.

వివాహం విషయంలోనూ అంతే. వధూవరుల స్వేచ్ఛాసమ్మతియే వివాహాన్ని వివాహం చేస్తుందని తిరుసభ చట్టం. 1563లో ట్రెంట్ మహాసభ పెండ్లికి ముందు మూడుసార్లు చాటింపు వేయాలని నిర్ణయించింది. అడ్డంకులేమైనా ఉంటే బయటపడాలని ఆ చాటింపు. కట్నం తక్కువైందని పీటల దగ్గర ఆగే పెండ్లిలో దేవుని ఎదుట ఇచ్చే సమ్మతికి విలువెక్కడిది?

తిరుసభ పంచాంగంలో ముగ్గురి పుట్టినరోజులే పండుగలు: క్రీస్తుప్రభువు, స్నాపక యోహాను, మరియమాత. జ్వాకీము, అన్నమ్మల ఇంట పుట్టిన ఆడబిడ్డ కోసం ప్రతి సెప్టెంబరు 8న దివ్యబలిపూజ చేస్తున్నాం. ఆ పండుగ చేసుకొనే చేతులు కట్నం లెక్కపెట్టకూడదు. కొడుకు పెండ్లి మాటలకు కూర్చొనే తల్లిదండ్రులు ముందుగా "మాకు కట్నం వద్దు" అని నలుగురిలో చెప్పాలి. ఆ ఒక్క మాట ఒక పొలాన్ని నిలబెడుతుంది. ఇంకా కడుపులో ఉన్న ఒక బిడ్డ ప్రాణాన్నీ నిలబెట్టవచ్చు.

మరియతల్లి మన ఇళ్లలోని ఆడబిడ్డలందరినీ కాపాడును గాక. ఆమెన్.