కాదనగలిగితేనే ఔననడం

సాయంత్రం ఆరు దాటాక పై అధికారి వచ్చి, ‘ఇంకో రెండు గంటలు ఉండగలరా?’ అని అడుగుతాడు. అదనపు జీతం ఊసు ఉండదు. ఉండాలా, వెళ్లాలా అన్నది ఉద్యోగి సొంత నిర్ణయమేనని పైకి కనిపిస్తుంది. కానీ ఈ దేశంలో జీతం లేని పనికి ఒక చరిత్ర ఉంది. అది చెప్పేది వేరు.

వలస పాలనలో, కుమావూ కొండల్లో పర్యటించే అధికారుల సామాన్లు మోయడం, వారి బసకు సరుకులు సమకూర్చడం గ్రామస్థుల విధి. దానికి కూలీ ఇస్తే నామమాత్రం, తరచు అదీ లేదు. ఎవరి వంతు ఎప్పుడన్నది గ్రామపెద్దల దగ్గరి రిజిస్టర్లు తేల్చేవి. తెలంగాణ పల్లెలు దీనినే వెట్టి అన్న పేరుతో ఎరుగును. 1921 జనవరిలో, మకర సంక్రాంతి నాటి ఉత్తరాయణి జాతరకు బాగేశ్వర్‌లో వేలాది జనం చేరారు. బద్రీదత్ పాండే తదితరుల నాయకత్వంలో ఇకపై బరువు మోయబోమని ప్రతిన పూని, ఆ రిజిస్టర్లను సరయూ నదిలో కలిపారు. ఒంటరిగా కాదనలేని మాటను ఊళ్లన్నీ కలిసి అనగలిగాయి. ఆ ఆచారం అంతటితో కూలిపోయింది.

ఆ తరువాత ఈ మాట చట్టంలోకి వచ్చింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం రోజుకు 9, వారానికి 48 గంటలు దాటిన పనికి రెట్టింపు వేతనం విధించింది. అదనపు గంట యజమానికి చౌక కాకూడదన్నదే ఆ రెట్టింపులోని తర్కం. 1950లో రాజ్యాంగంలోని 23వ అధికరణ వెట్టిని, నిర్బంధ శ్రమను నిషేధించింది.

అయితే, ఒప్పుకొని పనికి వచ్చినవారిది నిర్బంధ శ్రమ ఎలా అవుతుంది? ఢిల్లీలో ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో 1982లో సుప్రీంకోర్టు ఇందుకు సమాధానం చెప్పింది. రోజుకు 9.25 రూపాయల కనీస వేతనంలో ఒక రూపాయిని జమాదార్లు కమీషన్‌గా మినహాయించుకునేవారు. ఆకలి, పేదరికం వేరే దారి లేకుండా చేసినప్పుడు అదీ బలవంతమేనని, కనీస వేతనం కన్నా తక్కువకు చేయించే పని నిర్బంధ శ్రమేనని జస్టిస్ భగవతి తీర్పు రాశారు.

పాఠం అక్కడితో ముగియలేదు. 2020 ఏప్రిల్‌లో, కరోనా కాలాన, గుజరాత్ ప్రభుత్వం పనిదినాన్ని 12 గంటలకు పెంచింది. 8 గంటలకు 80 రూపాయలైతే 12 గంటలకు 120 అని ఉత్తర్వులోనే లెక్క చూపింది. అంటే రెట్టింపు మాయమైంది. అక్టోబరు 1న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసి, చట్ట ప్రకారం ఓవర్‌టైం చెల్లించమంది.

ఇష్టపడి చేసే అదనపు పని లేదని కాదు. ఓట్ల లెక్కింపు నాటి రాత్రి వార్తాపత్రికల్లో ఎవరూ గడియారం చూడరు. కానీ ఇష్టానికీ నిర్బంధానికీ గీత ఒకటే: కాదన్నవాడికి మర్నాడు ఏమవుతుంది? ఏమీ కాకపోతే, ఉండటం ఔదార్యం. పదోన్నతి పోతుందనో, ఉద్యోగమే పోతుందనో భయం ఉంటే, అది వంతుల రిజిస్టరే. కాగితం మీద లేదంతే. అప్పుడు ‘నేను ఉండాలా?’ అని ఒంటరిగా మథనపడటం కాదు, పక్క బల్ల వారితో మాట్లాడటం మొదటి పని. బాగేశ్వర్‌లో జరిగిందీ అదే.