పాత నేల – కొత్త పలక

హైదరాబాదులోని వెంగళరావు నగర్, 1973 నుండి 1978 వరకు ముఖ్యమంత్రిగా ఉన్న జలగం వెంగళరావు గారి పేరున వెలసినది. అటువంటి పేటలలోని పాత ఇండ్లలో నేడు చెక్కపలకల నేలలు పరచుకొనుట వేడుకయినది. పలకల రంగును గూర్చి విచారించినంతగా, వాని క్రింద ఉండబోవు నేలను గూర్చి విచారించువారు అరుదు. ఆ నేల కథయే నేటి మా ప్రసంగము.

మన పెద్దలు నేలను సిద్ధపరచుటయే అసలు పనిగా ఎంచినారు. మట్టి పోసి, నీరు చల్లి, దిమ్మిసతో గట్టిపరచి, పేడతో అలికెడివారు. కలవారి లోగిళ్ళలో గానుగ సున్నముతో గచ్చు చేసెడివారు. ఆ సున్నములో బెల్లపు నీరు, కరక్కాయ నీరు కలుపుట వాడుక. సున్నపు గచ్చుకు ఒక గుణమున్నది: భూమిలోని చెమ్మ దానిగుండా పైకి వచ్చి గాలిలో కలిసిపోవును. పిదప షాబాదు, తాండూరు బండలు, బేతంచెర్ల నాపరాళ్ళు వచ్చినవి. బండల సందులలో చెమ్మ తన దారి తాను చూచుకొనెడిది. ఆపైన పాలరాతి పలుకులను సిమెంటులో కలిపి, అరగదీసి చేసిన మొజాయిక్ వచ్చినది.

మరి చెక్క మనకు కొత్తదా? కాదు. పాత మేడలు కొన్నింట పై అంతస్తుకు టేకు దూలములపై పలకలు పరచినారు. కాని ఆ పలకల క్రింద గాలి ఆడెడిది. భేదమంతయు ఇక్కడనే ఉన్నది. 1977లో స్వీడను దేశపు పెర్స్‌టార్ప్ సంస్థ లామినేట్ పలకను కనిపెట్టినది. 1990ల చివర జిగురు లేకుండ ఒకదానిలో నొకటి బిగించు పలకలు వచ్చినవి. నాటినుండి ఏ నేలపైనైనను ఒక్క దినములో పలకలు పరచవచ్చునను భ్రమ వ్యాపించినది.

మేమెరిగిన ఒక ఇంట వేసవిలో, బండలు పొడిగా కన్పట్టినవని, వానిపై పలకలు పరచినారు. శ్రావణము వచ్చుసరికి గది నడుమ పలకలు ఉబ్బి లేచినవి. తప్పు పలకది కాదు; క్రింది చెమ్మకు దారి లేకపోయినది.

కనుక ముందుగా బండలను తట్టి చూడవలెను. డొల్ల పలికిన వానిని తీసి తిరిగి పరపించవలెను. మైనము, రంగు గీకివేయవలెను. ఒక ప్లాస్టిక్ గుడ్డను నేలపై పరచి, అంచులు అంటించి, ఒకటి రెండు దినములుంచినచో, అడుగున నీటిబొట్లు కన్పించునేమో తెలియును. కన్పించినచో చెమ్మకు విరుగుడు చేయక పని సాగింపరాదు. పిదప రెండు మీటర్ల బద్దను నేలపై ఆనించి, మూడు మిల్లీమీటర్లకు మించిన పల్లమును పూడ్పవలెను. పలకలను రెండు దినములు ఆ గదిలోనే ఉంచి, గోడల వెంట పది మిల్లీమీటర్ల సందు విడువవలెను; చెక్క ఋతువునుబట్టి పెరిగి తరుగును.

ఈ పేటకు చేరువనే సారథి స్టూడియో కలదు. చిత్రీకరణ వేళ ట్రాలీ పట్టాల క్రింద చెక్కముక్కలు పెట్టి, రసమట్టముతో సరిచూచుట పనివారికి నిత్యకృత్యము. నేల కుదురులేనిదే దృశ్యము నిలువదు.

కడపట ఒక మాట. పలకల మందము వలన నేల పెరుగును, గడప తగ్గును. తలుపులు ఆడునా, గడప కన్పించునా అని ముందే కొలుచుకొనుడు. ఏటేట పసుపు రాసిన గడపను పాతనేలతోపాటు మరుగుపరచినచో, పిదప ఏ మేస్త్రీయు దానిని పైకి తేలేడు.