బుల్ రన్ పరాజయానికి అర్థమేమిటి?

అమెరికా అంతర్యుద్ధంలో మొదటి పెద్ద పోరాటం 1861 జూలై 21న, వర్జీనియాలో బుల్ రన్ అనే వాగు ఒడ్డున జరిగింది. ఉత్తరాది జనాభా సుమారు 2 కోట్ల 20 లక్షలు. దక్షిణాదిది 90 లక్షలు. వారిలో దాదాపు 35 లక్షలమంది బానిసలు. కర్మాగారాలూ, రైలుమార్గాలూ అధికభాగం ఉత్తరాదివే. అయినా ఆ సాయంకాలానికి ఉత్తరాది సేన చెల్లాచెదరై వాషింగ్టన్ దారి పట్టింది. ఎందువల్ల?

దీనికి తేలికైన సమాధానాలు రెండున్నవి. దక్షిణాది దొరలు పుట్టువీరులన్నది మొదటిది. పురోగామి ఉత్పత్తి విధానం ఎలాగూ గెలుస్తుంది గనుక మొదటి ఓటమి లెక్కలోనిది కాదన్నది రెండవది. ఇది మనలో కొందరు చెప్పేది. మొదటిది కట్టుకథ. రెండవది యాంత్రికవాదం.

జరిగినదేమిటి? ఏప్రిల్‌లో లింకన్ పిలుపునిచ్చిన 75,000 మందీ మూడునెలల గడువు సైనికులు. ఆ గడువు తీరవచ్చింది. పత్రికలూ, రాజకీయవేత్తలూ తొందరపెట్టారు. తర్ఫీదు చాలలేదన్న సేనాని మెక్‌డవెల్ మాట చెల్లలేదు. గడువు ముగిసిందంటూ ఒక పటాలమూ, ఒక ఫిరంగి దళమూ పోరాటం నాటి ఉదయమే వెనుదిరిగాయి. అయినా మెక్‌డవెల్ సడ్లీ రేవు వద్ద వాగు దాటి, శత్రువు ఎడమపక్కను తాకాడు. మధ్యాహ్నం దాకా పైచేయి అతనిదే. కాని షెనాండోవా లోయలో జాన్‌స్టన్ సేనను కట్టిపడవేయవలసిన పాటర్సన్ ఆ పని చేయలేకపోయాడు. ఆ సేన రైలెక్కి మనాసస్ చేరింది. ఆనాడే రైలు దిగిన దళాలు సాయంకాలం ఉత్తరాది కుడిపక్కను విరగగొట్టాయి.

రైలు పెట్టుబడిదారీ యుగపు బిడ్డ. ఆనాడది బానిసయజమానులకు ఊడిగం చేసింది! యంత్రం తనంతట తాను ఏ పక్షమూ వహించదు. ఆర్థికబలం సైనికబలంగా మారడానికి కాలం కావాలి, నిర్మాణం కావాలి, సంకల్పం కావాలి.

సంకల్పం మాటే చూడండి. ఆ తరువాత నాలుగురోజుల్లోగా కాంగ్రెసు ఉభయసభలూ తీర్మానించాయి: ఈ యుద్ధం రాజ్యాల ఐక్యత కోసమే గాని, బానిసత్వం జోలికి పోదని. మరి మనాసస్ చుట్టూ మట్టికోటలు కట్టిన చేతులెవరివి? బానిసలవే. శత్రుబలానికి ఆధారమైన శ్రమను ముట్టుకోకుండా శత్రువును ఓడించడమెలాగ? ఆగస్టు 6న అదే కాంగ్రెసు, తిరుగుబాటు సైనికావసరాలకు వినియోగించిన బానిసలపై యజమానుల హక్కును తొలగించింది. చిన్న అడుగే, కాని దిశ మారింది. 1863 జనవరి 1న విమోచన ప్రకటన వచ్చింది. యుద్ధం ముగిసేనాటికి సుమారు 1,80,000 మంది నల్లజాతివారు ఉత్తరాది సేనలో పనిచేశారు.

విమోచన ముందే ప్రకటించివుంటే ఆనాడు గెలిచేవారని నేననడం లేదు. జాన్‌స్టన్ రైళ్లు దానితో ఆగేవి కావు. ఒక్కరోజు పోరాటం రేవుల మీద, రైళ్ల మీద, సేనానుల మీద ఆధారపడుతుంది. నాలుగేళ్ల యుద్ధం మాత్రం, ఎవరి విముక్తి కోసం పోరాడుతున్నామనే ప్రశ్నను తప్పించుకోలేదు. ఈ రెంటినీ కలిపి చూడగలిగినప్పుడే మనం చరిత్ర చదివినట్టు.