కోనసీమ గాలిలో పట్టుచీర

పట్టుచీరలను పదిలపరచుకోవడం గురించి రాసేవారు చిట్కాలతో మొదలుపెట్టడం ఆనవాయితీ. వేపాకు వేయండి, మడతలు మార్చండి, ఎండలో వేయకండి. అవన్నీ నిజమే. కానీ ఆ మాటలు ఎక్కడినుంచి వచ్చాయి, ఎవరి ఇంట్లో ఏ అవసరంకొద్దీ పుట్టాయి అన్నది నన్ను చాలాకాలంగా వెంటాడుతున్న ప్రశ్న. మాది కోనసీమ కావడం అందుకొక కారణం. పట్టుకు పనికిరాని గాలి మాది. అటువంటి చోట పట్టు ఎలా బతికిందన్నది చరిత్ర ప్రశ్నే అని నా అభిప్రాయం.

గౌతమికీ వసిష్ఠకూ నడుమ, మధ్యలో వైనతేయం చీల్చుకుపోయిన నేల ఇది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. గన్నవరం అక్విడక్టు మీదుగా కాలువనీరు వైనతేయాన్ని దాటి రాజోలు వైపు చేరింది. డెల్టా పచ్చబడింది, అన్నం దొరికింది. దానితోపాటే ఇంటి వెనుక కాలువ, ముందు బోదె, చుట్టూ కొబ్బరినీడ, ఒకవైపు సముద్రం. గాలిలో తేమ 65 శాతం దాటితే బట్టమీద బూజు పట్టడానికి వీలవుతుందని వస్త్ర సంరక్షకులు చెబుతారు. కోనసీమలో ఏడాదిలో అధికభాగం ఆ గీతకు పైనే ఉంటుంది. ఉప్పు డబ్బాలో నీరు కారే ఊళ్ళలో పట్టు దాచుకోవడమంటే మాటలు కాదు.

నిజానికి ఈ ప్రాంతం నూలుబట్టది. పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లీషు కంపెనీవారికి బట్టల వర్తకం కోసం ఈ తీరాన గిడ్డంగులు ఉండేవి: యానాం దగ్గర ఇంజరంలో ఒకటి, అల్లవరం వైపు బెండమూర్లంకలో ఒకటి, వసిష్ఠకు ఆవలి ఒడ్డున నరసాపురం దగ్గర మాధవాయిపాలెంలో ఒకటి. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ ఈ మూడింటినీ పట్టుకున్నాడు. మాధవాయిపాలెం పేరు ‘మడపొల్లం’గా మారి ఇంగ్లీషు నిఘంటువుల్లో ఒక రకం నూలుబట్టకు పేరుగా నిలిచిపోయింది. (బెండమూర్లంక వేరు, చేనేతకు పేరుపడ్డ బండారులంక వేరు. అమలాపురం చుట్టుపక్కలవారు తప్ప తక్కినవారు తరచుగా తికమకపడతారు.) బండారులంక, పుల్లేటికుర్రు మగ్గాలకు తొలినుంచీ పేరు తెచ్చింది నూలే. ఉప్పాడ జాందానీ సైతం తొలుత నూలుమీది పనే. పట్టు తర్వాత వచ్చింది. 2009లో భౌగోళిక గుర్తింపు పొందేనాటికి లోకం దృష్టిలో అది పట్టుచీరగా స్థిరపడింది.

పట్టు బయటినుంచి వచ్చిందన్న సంగతి మన మాటల్లోనే కనబడుతుంది. చీనాంబరంలో చీనా దేశం ఉంది. పట్టుతాపితా అంటామే, ఆ తాపితా పారశీక పదం. ఇంగ్లీషువారి ‘టాఫెటా’కూ అదే మూలం. జరీలోని ‘జర్’ పారశీకంలో బంగారం. మనకు సొంతంగా ‘సరిగ’ అనే అందమైన మాట ఉండగా దాన్ని వదిలి జరీని ఎందుకు నెత్తిన పెట్టుకున్నామో తెలియదు కానీ, సరిగంచు అన్నప్పుడు వచ్చే నాదం జరీ అంచు అంటే రాదు.

మనుస్మృతి అయిదవ అధ్యాయంలో ద్రవ్యశుద్ధి చెప్పేచోట బట్టలు ఉతికే పద్ధతులున్నాయి. పట్టుకూ ఉన్నికీ చౌటిమన్ను, నేపాళ కంబళ్ళకు కుంకుడుకాయ, సన్నని పట్టువస్త్రాలకు మారేడు, నారబట్టలకు తెల్ల ఆవాలు. ధర్మశాస్త్రంగా దాన్ని ఎవరెలా చూసినా, ఏ పీచుకు ఏది పడుతుందో గమనించినవాడెవడో ఆ జాబితా వెనుక ఉన్నాడు. అయితే అందులో పట్టుకు చౌడు వాడమన్న మాట మా ఇళ్ళలో సాగలేదు, సాగకపోవడమే మేలయింది. పట్టు మాంసకృత్తు. దానిలోని ఫైబ్రాయిన్ క్షారానికి చెడుతుంది. చౌడు క్షారం, సబ్బూ క్షారమే. కుంకుడు రసం కొంచెం ఆమ్లగుణం కలది. మా మామ్మ తన పట్టుబట్టను గోరువెచ్చని కుంకుడు రసంలో ఒకసారి ముంచి, పిండకుండా, రెండు చేతులతో అదిమి తీసేది. ఆమెకు క్షారం పేరు తెలియదు. బట్ట మెరుపు చచ్చిపోతుందని మాత్రం తెలుసు.

చాకలికి వేయకపోవడానికి ఆమె చెప్పే కారణం వేరు. మడి. కోనసీమ అగ్రహారాలలో పట్టు అలంకారం కన్నా ముందు మడిబట్ట. మగవారికి పట్టుతాపితా, దసలి పంచె, చలికాలంలో ధావళి, ఆడవారికి వంటకూ పూజకూ వేరే పట్టుచీర. మైల బట్ట తగలకూడదు కనుక దాన్ని పెట్టెలో పెట్టరు. పైకప్పు కింద ఎత్తుగా కట్టిన దండెం మీద కర్రతో వేసి, మర్నాడు కర్రతోనే తీస్తారు. రోజూ నీడ, రోజూ గాలి, మడత లేదు, ఒత్తిడి లేదు, పురుగు గూడు కట్టుకునేందుకు వ్యవధి లేదు. ఈనాటి మ్యూజియం పద్ధతులు చాలావరకు సమకూర్చేవి ఇవే. మనుషులను అంటరానివారిగా చూసిన ఆచారం ఒక బట్టను కాపాడిందన్న సంగతి చెప్పుకోవడానికి నాకు ఇబ్బందిగానే ఉంది. మడి కట్టుకున్న మామ్మ పెరట్లోకి వస్తుంటే పాలేరు పదడుగులు వెనక్కి జరగడం నేను చూశాను. దండెం గొప్పతనం రాస్తూ దాన్ని రాయకుండా వదిలితే చరిత్ర అనిపించుకోదు.

పెళ్ళిచీర కథ వేరు. అది పెట్టెలోకి వెళుతుంది. మొదట భోషాణం, తర్వాత ట్రంకుపెట్టె, ఆ తర్వాత ఇనుప బీరువా. భోషాణమే మేలన్న పాతకాలపు మోజు నాకు లేదు. కలపనుంచి వెలువడే ఆమ్లపు ఆవిరులు పట్టును పసుపుపచ్చగా మారుస్తాయి. మట్టినేల మీద పెడితే చెదలు. ట్రంకుపెట్టె తుప్పు మరక ఒకసారి పడితే పోయేది కాదు. తడిగోడకు ఆనించిన బీరువాలో, ప్లాస్టిక్ కవరులో బిగించిన చీరకు కవరు లోపలే ఊపిరాడక బూజు పుడుతుంది. పెట్టె ఏదన్నది అంత ముఖ్యం కాదు, ఎన్నిసార్లు తెరిచారన్నది ముఖ్యం. పాత ఇళ్ళలో తెరిచేందుకు సందర్భాలుండేవి. దసరాకు పేరంటం. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం. మాఘంలో అంతర్వేది కళ్యాణం, వెంటనే పెళ్ళిళ్ళ రోజులు. వానలు వెనుకబట్టి గాలి కాస్త పొడిబారే నెలలలోనే ఇవన్నీ వరసగా వస్తాయి. చీర బయటకు వచ్చేది, ఒక పూట కట్టేవారు, వసారాలో దండెం మీద రాత్రంతా ఆరేది, మళ్ళీ వేరే మడతలో లోపలికి పోయేది. మడత మార్చకుంటే గీత వెంబడే పోగులు తెగుతాయి; జరీ మడతలో మరీ త్వరగా విరుగుతుంది.

ఆ జరీ సంగతి కొంచెం చెప్పాలి. పట్టుదారం మీద సన్నగా సాగదీసిన వెండి రేకును చుట్టి, దానికి బంగారు పూత పూస్తారు. కంచి పట్టుకు చెప్పే సంప్రదాయ ప్రమాణంలో వెండి 57 శాతం, బంగారం 0.6 శాతం. అంటే మన కంటికి బంగారంగా కనబడేది చాలావరకు వెండే. వెండికి గంధకం పడదు. గాలిలోని గంధకపు ఆవిరులకు నల్లబడుతుంది. సెంటు కొట్టుకుని కట్టిన చీర, చెమట ఆరకుండా మడిచిన చీర ముందుగా జరీ దగ్గరే దెబ్బతింటాయి.

పసుపు మరకది ఇంకో కథ. పెళ్ళిచీరకు పసుపు అంటక తప్పదు. కంగారుపడి సబ్బు రుద్దితే అది ఎర్రగా మారుతుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి అయ్యేది ఏ కారణంచేతనో, ఇదీ అందుకే. క్షారం తగిలిన పసుపు ఎరుపు. చల్లని నీళ్ళతో అద్ది వదిలేస్తే చాలు, మిగిలిన ఛాయ వెలుతురుకు క్రమంగా వెలిసిపోతుంది. పట్టును మాత్రం ఎర్రటి ఎండలో పెట్టరాదు. ప్రకృతి ఇచ్చిన పీచులలో వెలుతురుకు అంత సులువుగా లొంగేది మరొకటి లేదు. అందుకే మ్యూజియంలలో పాత పట్టు ఉన్న గదులు చీకటిగా ఉంటాయి; 50 లక్సుల వెలుగుకు మించనివ్వరు.

పురుగుల విషయంలో మామ్మ పెట్టెలో ఎండిన వేపాకు, వట్టివేళ్ళు, నాలుగు లవంగాలు, ఒక మూల లంక పొగాకు కాడ ఉండేవి. ఇవి పురుగును చంపవు, దగ్గరకు రానివ్వకుండా కొంతకాలం ఆపుతాయి. వాసన పోయినప్పుడల్లా మార్చాలి, మార్చడానికి పెట్టె తెరవాలి. చిమ్మెట పురుగుకు కావలసింది పట్టుకన్నా దానిమీది చెమట, నూనె, అన్నపు మరక; గంజి ఉంటే వేరే పురుగులు. కనుక శుభ్రంగా ఉంచిన చీర సగం గెలిచినట్లే. తర్వాత కలరా ఉండలు వచ్చాయి, తెరిచే పని తప్పించాయి. నాఫ్తలీన్ అని డబ్బా మీద రాసి ఉన్నా మా ఊళ్ళో కలరా ఉండలే. అవి జరీకి తగిలితే మచ్చ, ప్లాస్టిక్‌కు తగిలితే జిగురు. అంతకన్నా ముఖ్యమైన మాట ఒకటుంది. పురిటిబిడ్డను మెత్తగా ఉంటుందని పాతచీరలో చుట్టడం మన అలవాటు. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న శిశువును నాఫ్తలీన్ వాసన పట్టిన బట్టలో చుడితే ఎర్ర రక్తకణాలు పగిలి, తీవ్రమైన కామెర్లు రావచ్చు. ఇది వైద్యగ్రంథాలలో నమోదైన విషయం. పెట్టెలోనుంచి తీసిన చీరను బిడ్డ దగ్గరకు తీసుకుపోవద్దు.

ఇక కోనసీమకే ప్రత్యేకమైన కష్టం. 1986 ఆగస్టులో గోదావరి వరద ధవళేశ్వరం వద్ద 35 లక్షల క్యూసెక్కులు దాటింది, గట్లు తెగాయి. మా ఇంట్లో ట్రంకుపెట్టెలు అటకెక్కించారు, చీరలు తడవలేదు. పదేళ్ళ తర్వాత, 1996 నవంబరు 6 రాత్రి తుపాను వచ్చింది. వెయ్యిమందికి పైగా చనిపోయారు, కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. ఆ రాత్రి పెంకులు లేచిపోయి, వాన నేరుగా అటక మీద పడింది. గోదావరి కిందనుంచి వస్తుంది, తుపాను పైనుంచి వస్తుంది. ఒకదానికి నేర్చిన జాగ్రత్త రెండోదానికి పనికిరాలేదు. ప్రాణాలు దక్కినందుకు సంతోషించి చీరల ఊసు నాలుగురోజులు ఎవరూ ఎత్తలేదు. తెరిచేసరికి ఎర్రని అంచుల రంగు మీగడరంగు ఒంట్లోకి దిగిపోయింది. ఒక పాత చీర మాత్రం రంగు వదల్లేదు. 1856లో పెర్కిన్ మొదటి కృత్రిమ రంగు కనిపెట్టిన తర్వాత లక్క, చిరివేరు వంటి పాత అద్దకాలు క్రమంగా మూలబడ్డాయి. ఆ చీర మూలబడని చేతులలో తయారై ఉంటుందని అమ్మ నమ్మకం. తడిసిన పట్టును మడత మీద ఉంచకూడదు. బురద ఉంటే మంచినీళ్ళతో పోగొట్టి, రంగు రంగును తాకకుండా మధ్యలో పాత పంచె పరచి, నీడను ఆరవేయాలి. తొందరపడి ఎండకు వేసినవాటిలో రెండు మరుసటి ఏడాదికి మడతల దగ్గర కాగితంలా విరిగాయి.

అయినా తేమా తుపానూ కలిసి పోగొట్టినవాటికన్నా కుంపటిలో పోయినవి ఎక్కువని నా నమ్మకం. ‘పాత పట్టుచీరలు కొంటాం’ అన్న కేక వినని తెలుగు వీధి లేదు. చీరను కాలిస్తే పట్టు బూడిదవుతుంది, వెండి కరిగి ముద్దవుతుంది. కొనేవాడిని నేను తప్పుపట్టను. నల్లబడి, పోగులు ఊడిన చీరకు నాలుగు డబ్బులు ఇచ్చేవాడు అతనొక్కడే. పిల్ల ఫీజు కట్టడానికి అమ్మిన ఇల్లాలిని అసలే తప్పుపట్టను. అసలు సిసలు జరీ వేసిన పాతచీరలే ముందు కాలిపోతాయి, రాగి జరీ చీరలు మిగులుతాయి. రేపెవరైనా మిగిలిన చీరలను చూసి మన అమ్మమ్మలు ఏం కట్టారో అంచనా వేస్తే, అంచనా తలకిందులవుతుంది.

మా ఇంట్లో మూడు మిగిలాయి. ఒకటి మడత పెట్టే స్థితి దాటింది. ఉతికిన నూలుగుడ్డ చుట్టిన గొట్టానికి దాన్ని చుట్టి, పైన మరో పంచె కప్పి, గోడకు తగలని అరలో ఉంచాను. కార్తీకం తర్వాత ఒకసారి, మాఘంలో ఒకసారి తీసి చూస్తున్నాను. చదువరులలో ఎవరింట్లోనైనా అమ్మకానికి తీసిన చీర ఉంటే అమ్మవద్దని చెప్పే అధికారం నాకు లేదు. ఇచ్చేముందు ఒక పూట దాన్ని వెలుతురులో పరచి, అంచు ఎన్ని అంగుళాలో, అంచూ ఒళ్ళూ ఒకే నేతా లేక రెండు కండెలతో కలిపి నేసిందా, కొంగు దగ్గర వేరే పడుగు అతికిన గుర్తు ఉందా చూసి, ఎవరి పెళ్ళికి ఏ ఏడాది కొన్నారో ఇంట్లో పెద్దవారిని అడిగి రాసిపెట్టండి. ఫొటో తీస్తే ఎదురువైపే కాక తిరగేసి కూడా తీయండి. నేత రహస్యాలు చీర వెనుకవైపే ఎక్కువగా కనబడతాయి.